పందిరి బయట ఢాక్: ఖిదిర్‌పూర్ నుంచి మన నగరాలకు కొన్ని ప్రశ్నలు

దుర్గాపూజ అష్టమి రాత్రి ఖిదిర్‌పూర్ కూడలి నుంచి లోపలి వీధుల్లోకి పోవడానికి మన కాళ్ళతో పెద్దగా పనిలేదు. వెనకవాళ్ళు తోస్తూ ఉంటారు, మనం పోతూ ఉంటాం. నేను చదువు కోసం కోల్‌కతా వచ్చిన మొదటి ఏడాది అలాగే కొట్టుకుపోయి ఒక పందిరి పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాను. అక్కడ, వెలుగుకు కాస్త అవతల, ప్లాస్టిక్ పట్టా మీద ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఒకాయనకు అరవై ఉంటాయి. ఇంకొకరు ఆయన మనవడు, పన్నెండేళ్ళవాడు. వాళ్ళ పక్కన ఈకలు కట్టిన పెద్ద ఢాక్. హారతికి పిలుపు వచ్చినప్పుడు లేచి వెళ్ళి వాయించారు. అది అయిపోగానే మళ్ళీ వచ్చి పట్టా మీద కూర్చున్నారు. అన్నం కూడా అక్కడికే వచ్చింది, విస్తరిలో.

నాకు ఆ దృశ్యం కొత్త కాదు. మా ఊరి పోలేరమ్మ జాతరలో డప్పు లేనిదే అమ్మవారు కదలదు. డప్పు కొట్టినవాళ్ళు మాత్రం గుడి మెట్టు ఎక్కరు. వాళ్ళ భోజనం చెట్టు కింద. పెద్దాయనను ఏ ఊరని అడిగితే బాఁకుడా జిల్లా అన్నాడు. తోలు మీరే బిగిస్తారా అని అడిగితే, ఇంకెవరు బిగిస్తారని నవ్వాడు. ఆ నవ్వుకు అనువాదం అక్కర్లేదు.

పెద్ద పండుగలు, ఆటల పోటీలు, కచేరీలు జరిపించి నగరానికి పేరు తెచ్చుకోవాలని ఇవాళ విశాఖపట్నం, విజయవాడ, వరంగల్ వంటి మధ్యతరహా నగరాలన్నీ ఉవ్విళ్ళూరుతున్నాయి. వాటికి కోల్‌కతా ఒక నమూనా. ఆ నమూనాను రెడ్ రోడ్ వేదిక మీద నుంచి చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఖిదిర్‌పూర్‌లో పందిరి వెనక పట్టా మీద నుంచి చూస్తే మరొకటి కనిపిస్తుంది. నేను రెండో చోటు నుంచి మాట్లాడుతున్నాను.

ఓడరేవు ఊరు

ఖిదిర్‌పూర్ అంటే మొదట ఓడరేవు. ఇక్కడి డాక్ 1892లో మొదలైంది. బొగ్గు, జనపనార, తేయాకు మోసిన చేతులు బీహార్, ఒడిశా, తూర్పు ఉత్తరప్రదేశ్ నుంచి, బెంగాల్ పల్లెల నుంచి వచ్చాయి. వాళ్ళలో ఎక్కువమంది భూమి లేని దళితులు, ముస్లింలు, వెనుకబడిన కులాలవాళ్ళు. ఇక్కడి నుంచి, పక్కనే ఉన్న గార్డెన్‌రీచ్ డిపోల నుంచి గిర్మిట్ కూలీలను ట్రినిడాడ్, గయానా, సురినామ్, ఫిజీలకు ఓడలెక్కించారు. వాళ్ళ గుర్తుగా ఇక్కడొక స్మారకం పెట్టడానికి 2011 దాకా పట్టింది. 1943 డిసెంబర్‌లో జపాన్ విమానాలు ఈ డాకుల మీద బాంబులు వేసినప్పుడు వందలమంది చనిపోయారు. చచ్చినవాళ్ళలో అత్యధికులు కూలీలే.

తెలుగువాళ్ళకూ బెంగాల్‌తో ఉన్న బంధం ఎక్కువగా ఈ కూలి దారిదే. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు, హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ వంటి చోట్ల జనపనార మిల్లులు మనవాళ్ళతో నిండాయి. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందంటే ఆ కూలీల పిల్లలు, మనవలు ఇక్కడ నిలబడ్డందువల్లే. నది దాటి ఇంకా ముందుకు పోయినవాళ్ళూ ఉన్నారు. ఢాకా నగరాన్ని ఊడవడానికి బ్రిటిష్‌వాళ్ళు తీసుకుపోయిన తెలుగు దళిత కుటుంబాలు తరాల తరబడి అక్కడే ఉండిపోయాయి. ఢాకాలోని ధోల్‌పూర్ తెలుగు కాలనీని ఖాళీ చేయమని 2023 ఫిబ్రవరిలో ఒత్తిడి తెచ్చిన సంగతి మన పత్రికల్లో ఎంత వచ్చిందో మీకు తెలుసు. నగరానికి ఊడ్చేవాళ్ళు కావాలి. వాళ్ళు ఉండే చోటు మాత్రం నగరానికి ఎప్పుడూ వేరే పనికి కావాలి.

ఈ చరిత్ర చెప్పడానికి కారణం ఉంది. నగరం ఆడే ప్రతి పెద్ద పండుగా ఇలాంటి పేటల మీదే నిలబడుతుంది. వెదురు కట్టేవాళ్ళు, కరెంటు తీగలు లాగేవాళ్ళు, చెత్త ఎత్తేవాళ్ళు, నిమజ్జనం తర్వాత విగ్రహాల గడ్డి, కర్ర నీళ్ళలోంచి లాగేవాళ్ళు ఈ పేటల నుంచీ, ఇలాంటి ఊళ్ళ నుంచీ వస్తారు. పండుగ చిత్రాల్లో మాత్రం కనబడరు.

లెక్కలో ఉన్న డబ్బు, లెక్కలో లేని మనిషి

2021 డిసెంబర్‌లో కోల్‌కతా దుర్గాపూజను యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు ముందే, 2019 పూజ మీద రాష్ట్ర పర్యాటక శాఖ కోసం బ్రిటిష్ కౌన్సిల్ చేయించిన అధ్యయనం ఈ పండుగ చుట్టూ తిరిగే సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ విలువను 32,377 కోట్ల రూపాయలుగా తేల్చింది. రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో అది 2.58 శాతం. ఈ అంకెను ప్రభుత్వం, పూజా కమిటీలు, పత్రికలు అన్నీ గర్వంగా చెప్పుకుంటాయి. చెప్పుకోవచ్చు కూడా.

ప్రభుత్వం తన వంతు డబ్బు కూడా పెడుతోంది. 2018లో 28 వేల కమిటీలకు తలా పది వేల రూపాయలతో, అంటే 28 కోట్లతో ఈ సాయం మొదలైంది. 2023లో కమిటీకి 70 వేలు, 2024లో 85 వేలు, 2025లో లక్షా పది వేలు. ఇప్పుడు కమిటీలు నలభై వేలు దాటాయి. నలభై వేలే అనుకున్నా 440 కోట్లు. దీనికి తోడు కరెంటు బిల్లులో రాయితీ. 2024లో ఆర్.జి. కర్ ఆస్పత్రి ఘటన తర్వాత కొన్ని కమిటీలు ఈ డబ్బు మాకొద్దని వెనక్కిచ్చాయి. అంటే ఈ డబ్బు తీసుకోవడం ఒక రాజకీయ చర్య అని వాళ్ళకు తెలుసు.

నా ప్రశ్న చిన్నది. ఈ 440 కోట్లతో పాటు, ఢాకీకి ఇంత కూలి ఇవ్వాలి, పడుకోవడానికి కప్పు ఉన్న చోటు ఇవ్వాలి, పన్నెండేళ్ళ పిల్లాడితో రాత్రంతా పని చేయించకూడదు, ఊడ్చేవాళ్ళకు అదనపు గంటల డబ్బు లెక్క చూపాలి అనే షరతు ఒక్కటైనా కమిటీ తలుపు దగ్గర అడుగుతున్నారా? ప్రజల డబ్బు తీసుకున్న ప్రతి సంస్థనూ అడిగే మామూలు ప్రశ్న ఇది. గుడికి సంబంధించినదనగానే ఎందుకు ఆగిపోతుంది?

పూజకు కొద్దిరోజుల ముందు సియాల్దా స్టేషన్ బయట ఢాకీలు గుంపులుగా చేరతారు. పనితనం చూపించడానికి అక్కడే వాయిస్తారు. కమిటీలవాళ్ళు వచ్చి విని, బేరమాడి, నచ్చినవాళ్ళను తీసుకుపోతారు. పత్రికలకు ఇది ప్రతి ఏడూ ఒక అందమైన ఫోటో. తెలుగు నేల మీద కూలీల అడ్డాను చూసినవాళ్ళెవరికైనా ఇది ఏమిటో తెలుస్తుంది. ఢాకీల్లో చాలామంది ముచి, రుయిదాస్ వంటి చర్మకార కులాల నుంచి వచ్చినవాళ్ళు. చచ్చిన పశువు తోలు ఒలిచినందుకు అంటరానివాళ్ళయ్యారు. ఆ తోలు మోగితేనే దేవత మేల్కొంటుంది. జానపద కళాకారులకు ఇక్కడి ప్రభుత్వం ఒక పథకం కింద నెలకు వెయ్యి రూపాయలు ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది. అవి అవసరమే. కానీ పింఛను కళకు గుర్తింపు ఇస్తుంది, పట్టా మీద నుంచి లేపి పందిరిలో కూర్చోబెట్టదు.

గడప ఎక్కడుంది?

ఖిదిర్‌పూర్‌లో మున్షీగంజ్ అని ఒక పేట ఉంది. అక్కడ జరిగే ఒక దుర్గాపూజను ముస్లిం యువకులు ముందుండి నడిపిస్తారు. చందాలు వసూలు చేయడం నుంచి విగ్రహాన్ని తేవడం దాకా చేస్తారు. మత సామరస్యం కథగా ఇది తరచూ వార్తల్లోకి వస్తుంది. పేదలు కలిసి ఉండే చోట పండుగ ఎవరిదన్న గొడవ తక్కువ. దీన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

అదే మున్షీగంజ్‌లో సెక్స్ వర్కర్ల వాడ కూడా ఉంది. దుర్గ విగ్రహం చేసే మట్టిలో వేశ్య వాకిటి మట్టి కలవాలన్నది బెంగాల్ ఆచారం. అక్కడికి వచ్చినవాళ్ళు తమ పుణ్యాన్ని గడప బయట వదిలి లోపలికి పోతారు కాబట్టి ఆ మట్టి పవిత్రమని చెబుతారు. బాగుంది. ఇదే నగరంలో సోనాగాఛీ సెక్స్ వర్కర్లు 2013లో తమ సొంత పూజ తాము చేసుకుంటామంటే హైకోర్టుకు పోయి అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. మట్టి కావాలి, మనిషి వద్దు. తోలు కావాలి, తోలు తీసినవాడు వద్దు. ఊడ్చిన వీధి కావాలి, చీపురు పట్టిన చేయి వద్దు.

కులం అంటే పనిని పంచుకోవడం కాదు, పనివాళ్ళను విడగొట్టి ఒకరి కింద ఒకరిని పెట్టడం అని బాబాసాహెబ్ 1936లోనే వాదించారు. పండుగ ఆ నిర్మాణాన్ని నాలుగు రోజులు లైట్లు వేసి చూపిస్తుంది. విగ్రహం దగ్గర పురోహితుడు, ఆయన వెనక కమిటీ పెద్దలు, ఆ తర్వాత చందాదారులు, తాడు అవతల జనం, జనానికి అవతల ఢాకీ, ఢాకీకి అవతల చెత్తబండి. ఎవరి చోటు ఏదో ఎవరికీ చెప్పనవసరం లేదు. పురూలియా వైపు ఆదివాసీ పల్లెల్లో ఈ రోజుల్లోనే హుదుర్ దుర్గ పేరుతో మహిషాసురుణ్ణి తలచుకుని శోకం పాటిస్తారు. శూలం కింద ఉన్నది ఎవరు అనే ప్రశ్నను వాళ్ళు సజీవంగా ఉంచారు. నేను ఇక్కడ అడుగుతున్నది దాని పక్క ప్రశ్న. శూలం చుట్టూ పని చేస్తున్నది ఎవరు?

చీపురుకు చరిత్ర ఉంది

కోల్‌కతాలో ఊడ్చేవాళ్ళు నోరు లేనివాళ్ళేమీ కాదు. 1928లో కలకత్తా కార్పొరేషన్ పారిశుద్ధ్య కార్మికులు ఒకే ఏడాదిలో రెండుసార్లు సమ్మె చేశారు. ప్రభావతి దాస్‌గుప్తా వంటివాళ్ళు నడిపిన యూనియన్ వాళ్ళ వెనక నిలబడింది. వీధుల్లో చెత్త పేరుకున్నాక గానీ నగరానికి వాళ్ళున్నట్టు గుర్తు రాలేదు. బొంబాయిలో 1935లో అంబేద్కర్ మునిసిపల్ కామ్‌గార్ సంఘ్ పెట్టారు. ఊడ్చేవాడి కూలి, సెలవు, ఉద్యోగ భద్రత కులనిర్మూలనకు బయటి విషయాలు కావని ఆయనకు స్పష్టంగా తెలుసు.

ఆ చరిత్ర ఇప్పుడు ఎక్కడికి వచ్చింది? 2025 జనవరి 29న సుప్రీంకోర్టు కోల్‌కతా, హైదరాబాద్ సహా ఆరు మహానగరాల్లో మనుషులతో మురుగు శుభ్రం చేయించడాన్ని నిషేధిస్తూ ఆదేశాలిచ్చింది. నాలుగు రోజులు తిరగకముందే, ఫిబ్రవరి 2న, కోల్‌కతా శివార్లలో బాన్‌తలా లెదర్ కాంప్లెక్స్ దగ్గర మ్యాన్‌హోల్‌లో ముగ్గురు కార్మికులు చనిపోయారు. ఈ పనిని నిషేధించిన చట్టం 2013 నుంచీ ఉంది. ఇలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలన్న సుప్రీంకోర్టు తీర్పు 2023 అక్టోబర్ నుంచీ ఉంది. మురుగులోకి దిగినవాళ్ళ పేరు ఏ మతానిదైనా, ఆ పని మాత్రం కులం పంచి పెట్టినదే. పని మనిషిని కులంలోకి లాగుతుంది. యంత్రం కొనడం కన్నా మనిషిని దింపడం చవక అని కాంట్రాక్టరుకు నేర్పింది కులమే.

లక్షలమంది తిరిగే నాలుగు రాత్రుల్లో ఒక పేట కాలువలు ఎంత నిండుతాయో, తాత్కాలిక మరుగుదొడ్లు ఎవరు కడుగుతారో, నవమి తెల్లవారుజామున ఎన్ని టన్నుల చెత్త లేస్తుందో ఊహించండి. 32 వేల కోట్ల లెక్క వేసినవాళ్ళు దీన్ని కూడా లెక్క వేయాలి. సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ అంటే విగ్రహం, వెలుగు, కళారూపం మాత్రమే అయితే ఆ లెక్క సగమే.

పెద్ద వేడుక, చిన్న బండి

పండుగ ఏటా వస్తుంది, దానికి పేదలతో ఏదో ఒక ఒప్పందం ఉంటుంది. నాలుగు రోజులు పుచ్కా బండి, బొమ్మల బండి, టీ కొట్టు కాస్త బాగా నడుస్తాయి. పెద్ద అంతర్జాతీయ వేడుకలు అలా కాదు. వాటికి ముందు వచ్చేది తొలగింపు.

1996 నవంబర్‌లో కోల్‌కతాలో ఆపరేషన్ సన్‌షైన్ పేరుతో ఒక్క రాత్రిలో హాకర్ల దుకాణాలు కూల్చారు. అప్పుడు అధికారంలో ఉన్నది ఎర్రజెండా. హాకర్ సంగ్రామ్ కమిటీ ఆ దెబ్బలోంచి పుట్టింది. 2017లో అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్ వచ్చింది. అక్టోబర్ 28న సాల్ట్‌లేక్ స్టేడియంలో ఫైనల్. అంతకు ముందు స్టేడియం చుట్టుపక్కల హాకర్లను, గుడిసెవాసులను తొలగించారు. పదిహేడేళ్ళ లోపు పిల్లల ఆట కోసం అదే వయసు పిల్లలున్న ఇళ్ళు పోయాయి. 2025 డిసెంబర్ 13న అదే స్టేడియానికి మెస్సీ వచ్చాడు. వేల రూపాయలు పెట్టి టికెట్ కొన్నవాళ్ళకు చుట్టూ మూగిన ప్రముఖుల వీపులు కనిపించాయి. ఆయన కొద్ది నిమిషాల్లోనే వెళ్ళిపోయాడు. జనం కుర్చీలు విరిచారు, ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పారు, ప్రధాన నిర్వాహకుణ్ణి అరెస్టు చేశారు. టికెట్ కొన్నవాడి కోపానికి ఆ రోజే క్షమాపణ దొరికింది. 2017లో బండి పోగొట్టుకున్నవాడి కోపానికి ఏమి దొరికింది?

ఖిదిర్‌పూర్‌కే వస్తే, 2025 జూన్‌లో ఇక్కడి ఆర్ఫన్‌గంజ్ మార్కెట్ అర్ధరాత్రి తగలబడింది. వెయ్యికి పైగా దుకాణాలు బూడిదయ్యాయి. ప్రభుత్వం పరిహారం, కొత్త మార్కెట్, అప్పటిదాకా వేరే చోటు అని ప్రకటించింది. కాలిన చోటే మళ్ళీ బతకనిస్తారా లేదా అన్నది వ్యాపారుల భయం. అంతకు ఏడాది ముందు, 2024 మార్చిలో, పక్కనే గార్డెన్‌రీచ్‌లో కడుతున్న అయిదంతస్తుల భవనం కూలి పక్కనున్న గుడిసెల మీద పడి పదిమందికి పైగా చనిపోయారు. పండుగకు నాలుగు రోజులు ముందే వీధిదీపం ప్రతిదీ సరిచూసుకునే యంత్రాంగం, మిగతా మూడు వందల అరవై రోజులు ఈ పేటలో మార్కెట్ తీగలను, కట్టడాల అనుమతులను ఎందుకు చూడలేదు?

చట్టం లేక కాదు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, సర్వే పూర్తయి ధ్రువపత్రాలిచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీల్లో నలభై శాతం సభ్యులు వీధి వ్యాపారులు ఎన్నుకున్నవాళ్ళే ఉండాలి. వాళ్ళలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, వికలాంగులకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. పెద్ద వేడుక వచ్చిందంటే మొదట పక్కకు పోయేది ఈ చట్టమే.

మన నగరాల సంగతి

బెంగాల్‌ను వేలెత్తి చూపడం తేలిక. మన వైపు చూద్దాం. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు జరిగింది. ఇవాంకా ట్రంప్ వస్తోందని నగరంలో భిక్షాటనను నిషేధించి బిచ్చగాళ్ళను పట్టుకుని జైలు ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. పేదరికం పోలేదు, కంటికి కనబడకుండా పోయింది. 2025 మేలో హైదరాబాద్‌లో ప్రపంచ సుందరి పోటీలు జరిగాయి. పోటీదారులు రామప్ప గుడికి వచ్చినప్పుడు స్థానిక మహిళలు వాళ్ళ కాళ్ళకు నీళ్ళు పోసి తువ్వాలుతో తుడిచారు. సంప్రదాయం అని సమర్థించుకున్నారు. అతిథికి కాళ్ళు కడగడం సంప్రదాయమే అయితే, కడిగే వంతు ఎప్పుడూ ఎవరిదో కూడా ఆ సంప్రదాయమే చెబుతుంది. 2019 కుంభమేళాలో ప్రధాని అయిదుగురు పారిశుద్ధ్య కార్మికుల కాళ్ళు కడిగారు. మరుసటి రోజు వాళ్ళ చేతుల్లో అదే చీపురు. కడిగినా, కడిగించుకున్నా, కాళ్ళ దగ్గర జరిగే ఏ తతంగమూ కూలి ఒప్పందానికి బదులు కాదు.

2025 జూన్ 21న విశాఖపట్నం యోగా దినోత్సవంలో మూడు లక్షలమంది పాల్గొన్నారని గిన్నిస్ రికార్డు. దానికి ముందు రోజు ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో అల్లూరి జిల్లా గిరిజన విద్యార్థులు ఇరవై వేలమందికి పైగా సూర్యనమస్కారాలు చేశారని మరో రికార్డు. గర్భిణిని ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే గ్రామాలున్న జిల్లా అది. పిల్లలను మైదానానికి తేవడానికి బస్సులు దొరికాయి. వాళ్ళ అమ్మలను ఆస్పత్రికి తేవడానికి రోడ్డు దొరకడం లేదు. అదే సెప్టెంబర్‌లో విశాఖ నగరపాలక సంస్థ ఆపరేషన్ లంగ్స్ పేరుతో వీధి దుకాణాలు కూల్చింది. నవంబర్‌లో పెట్టుబడుల సదస్సు జరిగింది. ఊపిరితిత్తులు నగరానివి, ఊపిరి ఆగింది బండివాళ్ళది. అదే ఏడాది దసరాకు విజయవాడ కూడా ఉత్సవ్ పేరుతో పెద్ద పండుగల నగరాల వరసలో చేరింది. నవరాత్రులకు నది ఒడ్డున ఎవరు ఊడుస్తారో విజయవాడవాళ్ళకు చెప్పనవసరం లేదు.

ఇంకొక సంగతి మన విద్యార్థులు మరవకూడదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలకు షెడ్యూల్డ్ కులాల ఉపప్రణాళిక నిధుల నుంచి వందల కోట్లు మళ్ళించారు. ఆ సంగతిని అప్పటి కేంద్ర హోం మంత్రి పార్లమెంటులో ఒప్పుకున్నారు. దళితుల బడి, హాస్టల్, ఇంటి డబ్బుతో స్టేడియాలు మెరిశాయి. ఇలాంటి మళ్ళింపులను ఆపడానికే మన దగ్గర పెద్ద ఉద్యమం నడిచి 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. దేశంలోనే అలాంటి చట్టాన్ని ముందుగా సాధించుకున్న నేల మనది. కాబట్టి ఏ ఉత్సవానికి ఏ పద్దు నుంచి డబ్బు వచ్చిందని అడిగే హక్కు, బాధ్యత మనకు రెండింతలు.

రెండు అభ్యంతరాలు

పెద్ద వేడుకలతో పేదలకు పని దొరుకుతుంది కదా అంటారు. నిజమే. ఆ బాఁకుడా పెద్దాయన కూడా పూజ వద్దనలేదు. పూజ డబ్బులతోనే చలికాలం గడుస్తుందన్నాడు. నా వాదన వేడుకను ఆపమని కాదు. పని దొరకడం ఒక సంగతి, ఏ షరతులతో దొరుకుతుందన్నది మరొకటి. వెట్టి డప్పు కొట్టినవాడికీ నాలుగు గింజలు దొరికేవి. మన పెద్దలు ఆ గింజల కోసం కాక, వెట్టి డప్పును మానేయడం కోసం కొట్లాడారు.

రెండో అభ్యంతరం మనలోంచే వస్తుంది. హిందూ పండుగ గోల మనకెందుకు, దానికి దూరంగా ఉండటమే విముక్తి కదా అని. దేవతను నమ్మాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ రెడ్ రోడ్ ప్రజలది. 2016 నుంచి పూజా కార్నివాల్ జరిగే ఆ రోడ్డు మీదే ఈద్ నమాజు జరుగుతుంది, గణతంత్ర కవాతు జరుగుతుంది. 440 కోట్లు ప్రజలవి. చీపురు పట్టిన మనిషి మనవాడు. మహాడ్ చెరువు దగ్గర 1927లో బాబాసాహెబ్ అడిగింది కూడా అందరి నీళ్ళమీద అందరి హక్కునే. బెంగాల్‌కు ఈ మాట పరాయిది కాదు. 1946లో బాబాసాహెబ్‌ను రాజ్యాంగ సభకు పంపింది బెంగాలే. జోగేంద్రనాథ్ మండల్ నాయకత్వంలోని ఇక్కడి దళితులే ఆ పని చేశారు.

మనకూ పెద్ద సభలున్నాయి. డిసెంబర్ 6న చైత్యభూమికి, ధమ్మచక్ర ప్రవర్తన దినాన దీక్షాభూమికి లక్షలమంది వస్తారు. టికెట్ ఉండదు, ప్రముఖుల తాడు ఉండదు. ఎక్కువగా అమ్ముడుపోయేవి పుస్తకాలు. జనం ఎలా కలవవచ్చో దానిలో ఒక నమూనా ఉంది. అయితే మన ఏప్రిల్ 14 ఊరేగింపు తర్వాత వీధి ఊడ్చేది ఎవరు, వాళ్ళకు కూలి ఇచ్చామా, డీజే పెట్టిన డబ్బుతో డప్పు దళానికి సరైన కూలి ఇచ్చామా అని కూడా అడుగుకోవాలి. ఈ ప్రశ్న పక్కవాళ్ళకు మాత్రమే వేస్తే దానికి బలం ఉండదు.

అడగవలసినవి

అందుకని కొన్ని నిర్దిష్టమైన డిమాండ్లు. ప్రజాధనం తీసుకున్న ప్రతి ఉత్సవ కమిటీ, ప్రతి నిర్వాహక సంస్థ తన జమాఖర్చుల్లో కూలి పద్దును విడిగా ప్రకటించాలి. ఢాకీ, డప్పు దళం, వెదురు కార్మికులు, పారిశుద్ధ్య కార్మికులు, ఒక్కొక్కరికి ఎంత ఇచ్చారో అందరికీ కనబడాలి. వాయిద్యకారులకు రాతపూర్వక ఒప్పందం, పడకచోటు, ప్రయాణ ఖర్చు ఉండాలి. పిల్లలతో రాత్రి పని చేయించకూడదు. వేడుకకు ముందు వీధి వ్యాపారులను కదపాలంటే వెండింగ్ కమిటీ తీర్మానం, నష్టపోయిన ప్రతి రోజుకూ పరిహారం ఉండాలి. కాలువలోకి, ట్యాంకులోకి మనిషిని దింపిన కాంట్రాక్టరుకు మరెప్పుడూ ఏ ఉత్సవం పనీ ఇవ్వకూడదు. వేడుక ఖర్చులో ఉపప్రణాళిక నిధులు ఒక్క రూపాయి కూడా లేవని ఆర్థిక శాఖ ధ్రువీకరించాలి.

ఇవి ప్రభుత్వాలు వాటంతట అవి చేయవు. విశ్వవిద్యాలయాల్లో ఉన్నవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ప్రతి పెద్ద వేడుకకు 32 వేల కోట్ల లాంటి లెక్కలు కట్టే అధ్యయనాలు వస్తాయి. అదే వేడుకకు కింది నుంచి లెక్క కట్టే అధ్యయనం మనం చేయాలి. విశాఖలో, వరంగల్‌లో, విజయవాడలో ఒక్కో ఉత్సవానికి పదిమంది విద్యార్థులు చాలు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి. పారిశుద్ధ్య కార్మికులతో, బండివాళ్ళతో, డప్పు దళంతో వారం రోజుల మాటలు. ఏ ఫోటోకూ అందని లెక్క అక్కడ దొరుకుతుంది. మన సిద్ధాంత వ్యాసాలకు ఆ లెక్క వెన్నెముక అవుతుంది.

దశమి రోజు నిమజ్జనం. 1956లో అదే విజయదశమి రోజున, అక్టోబర్ 14న, నాగపూర్‌లో బాబాసాహెబ్ లక్షలమందితో కలిసి బుద్ధుడి దారిలో నడిచారు. ఖిదిర్‌పూర్‌లో ఆ మర్నాడు తెల్లవారుజామున ఆ తాతా మనవలు బస్సు కోసం నిలబడి ఉండగా మళ్ళీ చూశాను. ఢాక్ గుడ్డలో చుట్టి ఉంది. పిల్లాడు దాని మీద తల పెట్టి నిద్రపోతున్నాడు. వాళ్ళ పక్కనే ఒక ఆమె రాత్రి రాలిన పూలను, ప్లేట్లను, కాగితాలను ఒకే కుప్పలోకి ఊడుస్తోంది. వచ్చే ఏడు వస్తారా అని పెద్దాయనను అడిగాను. పిలిస్తే వస్తాం అన్నాడు. పిల్లాడు బడికి పోతున్నాడా అని అడిగాను. పూజ సెలవులు కదా, సెలవులయ్యాక పోతాడు అన్నాడు. ఆ సెలవుల్లో మిగతా పిల్లలందరూ పందిరి లోపల ఉన్నారు.